బియ్యము నిండుకొన్నవి

ఏటికి ఇవతల ఒక రాజ్యం, అవతల ఒక రాజ్యం ఉండేవి. మన కథ ఇవతలి గట్టుది. ఆ రాజ్యాన్ని ధవళకీర్తి అనే మహారాజు ఏలుతూ ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. ఏటికి గట్టు పోయించాడు, చెరువులు తవ్వించాడు, ఎవరి జోలికీ పోయేవాడు కాదు. ఆయనకు ఉన్నదల్లా ఒక్కటే జబ్బు. అవతలి గట్టున ఏముంటే అది తనకూ ఉండాలి, వాళ్ళదానికంటే కాస్త పెద్దదిగా ఉండాలి.

ఒక్కగానొక్క కూతురు కువలయను అవతలి రాజు వీరమార్తాండుడి కొడుక్కే ఇచ్చాడు. దాంతో ఆ జబ్బు ఇంకా ముదిరింది.

ఒకసారి మహారాజు వియ్యంకుడి ఊరు వెళ్ళాడు. అక్కడ వందిమాగధులు తమ రాజు రాకను చెప్పడం మొదలుపెట్టారు. ఆయన గుమ్మం దాటాడు, నడవా దాటాడు, సింహాసనమెక్కి ఉత్తరీయం సర్దుకుని కూర్చున్నాడు, అప్పటికీ వాళ్ళ సమాసం పూర్తి కాలేదు. తర్వాత మన మహారాజు వంతు వచ్చింది. వెంట వెళ్ళిన కావలివాడు గొంతు సవరించుకుని, "మా రాజుగారొచ్చారండీ, కాస్త దారివ్వండి" అన్నాడు.

మహారాజుకు తల కొట్టేసినట్లయింది. ఇంటికి వచ్చీరాగానే గుమ్మంలో పంజరంలోని చిలక అలవాటు ప్రకారం "ఎవరొచ్చారు? ఎవరొచ్చారు?" అంది. ఆ చిలకంటే మహారాజుకు ప్రాణం. అయినా ఆ పూట దాని మాట కూడా మోటుగా వినిపించింది.

మర్నాడే శబ్దకేసరి అనే బిరుదున్న పండితుణ్ణి ఆస్థానంలో పెట్టుకున్నాడు. శబ్దకేసరి వట్టి చేతులతో రాలేదు, ఇద్దరు బోయీలు మొయ్యాల్సినంత నిఘంటువుతో వచ్చాడు. ఆయన కూర్చి ఇచ్చిన శాసనాన్ని కోటలో చాటింపు వేశారు.

"కోటలోనివారెల్లరు గ్రంథభాషనే పలుకవలయును. ప్రతి మాటకును నిఘంటువునందున్న అర్థమే అర్థము. అన్యథా పలికినవారు ఏటి ఆవలికి పంపబడుదురు. ఈ శాసనము ప్రభువునకును వర్తించును."

ఆఖరి ముక్క మహారాజు ముచ్చటపడి తనే చేర్పించాడు. తన నోట తప్పు దొర్లదని ఆయన ధీమా.

శాసనానికి మొదట బలైంది చిలకే. దానికి "ఎవ్వరు వచ్చిరి" అని నేర్పాలని శబ్దకేసరి గొంతు పోయేదాకా పాటుపడ్డాడు. అది తల పక్కకు వంచి శ్రద్ధగా వినేది, విని "ఎవరొచ్చారు?" అనేది. మహారాజుకు దాన్ని ఏరు దాటించడానికి మనసొప్పలేదు కాబట్టి తోటలో మూలకు పంపించాడు.

తర్వాత మహారాజుకే తిప్పలు మొదలయ్యాయి. ఆకలేస్తే "క్షుద్బాధ కలుగుచున్నది" అనేవాడు. బాధ అన్న మాట చెవినబడగానే రాజవైద్యుడు చూర్ణాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చేవాడు. అన్నం ఎప్పుడో వచ్చేది. ఇక నౌకర్లంటారా, తప్పు మాట్లాడి ఏరు దాటడం కంటే అసలు మాట్లాడకపోవడమే నయమనుకున్నారు. సైగలతో పని కానిచ్చేవారు. కోటంతా చడీచప్పుడూ లేకుండా పోయింది. మహారాజు దాన్ని చూసి, తన కోటకు ఇన్నాళ్ళకు గాంభీర్యం వచ్చిందని మురిసిపోయాడు.

ఈ సంబడమంతా దగ్గరుండి చూసినవాడు అడపం కోనప్ప. అడపమంటే తమలపాకుల సంచి. అది పట్టుకుని రాజుగారి కుడిపక్కన నిలబడి, అడిగినప్పుడు తాంబూలం చుట్టి ఇవ్వడం అతని కొలువు. శాసనం రాకముందు ఆకుకొక చమత్కారం చుట్టి ఇచ్చేవాడు. శాసనం వచ్చాక తనే ఒక తాంబూలం బుగ్గన పెట్టుకుని, ఎవరేమడిగినా నోరు ఖాళీ లేదని చేత్తో చూపించేవాడు.

ఇలా ఉండగా కువలయ కడుపుతో పుట్టింటికి వచ్చింది. కోటలో అందరికంటే ఎక్కువ సంబరపడింది వంటశాల పెద్ద గవరమ్మ. కువలయ పుట్టిన రోజున నీళ్ళు పోసిన మనిషి ఆవిడే. ఆ పిల్లకు గోరుముద్దలు పెట్టింది, జడలు వేసింది, అత్తవారింటికి పంపిన రోజున పొయ్యి పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంది. ఇప్పుడు ఆ పిల్ల బిడ్డకు కూడా తన చేత్తో నీళ్ళు పోయాలని రోజులు లెక్కపెట్టుకుంటోంది.

సీమంతానికి వియ్యాలవారిని పిలిచారు. వాళ్ళకంటే ముందే చుట్టాలు దిగిపోయారు. వచ్చినవాళ్ళకు వండి వార్చేసరికి వంటశాల కొట్టులో బియ్యం అడుగంటాయి. పెద్ద విశేషమేమీ కాదు. కోట బయట గాదెల్లో బియ్యం బోలెడున్నాయి, బండ్లు తోలమని ఒక మాట చెబితే చాలు. విందు ఏర్పాట్లన్నీ మహారాజు శబ్దకేసరికి అప్పగించాడు కాబట్టి గవరమ్మ ఆయన దగ్గరకు వెళ్ళింది.

వెళ్ళిందన్నమాటే గానీ దారంతా మాటలు కూర్చుకుంటూనే ఉంది. శాసనం ప్రకారం మాట్లాడాలి. పైగా ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల, శుభకార్యం. అలాంటి ఇంట బియ్యం గురించి ఎవరైనా ఎలా చెబుతారో మీకు తెలుసు. ఆవిడా అలాగే చెప్పదలుచుకుంది. దానికి ఎక్కడో విన్న గ్రంథం పలుకు కాస్త తగిలించింది.

"అయ్యా, బియ్యము నిండుకొన్నవి" అంది.

శబ్దకేసరి ముఖం వెలిగిపోయింది. వంటశాలలో కూడా తన శాసనం ఫలించిందన్నమాట. "సంతోషము. మిగుల సంతోషము" అన్నాడు.

చెప్పింది ఎక్కిందో లేదోనని గవరమ్మ సాయంత్రం మళ్ళీ వెళ్ళింది. "నిండుకొన్నవండి" అంది. "వినియుంటిని. మరల మరల చెప్పనక్కరలేదు" అన్నాడాయన. ఇక బండ్లు వస్తున్నట్టే అనుకుని ఆవిడ తిరిగి వచ్చేసింది. ఆయన మహారాజు దగ్గరకు వెళ్ళి, ధాన్యాగారము పరిపూర్ణమని విన్నవించాడు.

విందు రోజు రానే వచ్చింది. విస్తళ్ళు పరిచారు. పప్పు వచ్చింది, కూరలు వచ్చాయి, పులుసు వచ్చింది, గారెలు వచ్చాయి. నెయ్యి కూడా వచ్చింది. వీరమార్తాండుడు విస్తరి మధ్యలో చేత్తో చోటు చేసుకుని కూర్చున్నాడు. ఆ చోటు అలాగే ఉండిపోయింది. లోపల గవరమ్మ పెద్ద పెద్ద గుండిగల్లో ఎసరు పెట్టుకుని, బండ్ల చప్పుడు వినిపిస్తుందేమోనని వీధివైపు చెవులొగ్గి నిలబడి ఉంది. ఎసరు మరిగి మరిగి సగమైంది. ఉన్న కాసిని గింజలూ కువలయకు మాత్రం వండి పెట్టింది.

నెయ్యి పేరుకుపోయాక వీరమార్తాండుడు లేచి చెయ్యి కడుక్కున్నాడు. "బావగారూ, మీ ఇంట మాటలు బాగా వండుతారని విన్నాం. అన్నం కూడా వండుతారేమో అనుకున్నాం" అని నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూనే పడవెక్కాడు.

మహారాజుకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు గవరమ్మను కొలువుకు పిలిపించారు.

"బియ్యము నిండుకొన్నవని పలికితివా?" అని అడిగాడు మహారాజు.

"అంటినండి. రెండుమార్లు అంటిని" అంది గవరమ్మ.

శబ్దకేసరి నిఘంటువు తెరిచి వేలు పెట్టి చదివాడు. "నిండు: పూర్ణమగు. నిండుకొను: తనంత తాను పూర్ణమగు. ఈమె లేనిదానిని ఉన్నదని పలికినది, ప్రభూ."

ఆ కొలువులో ఆ మాట అర్థం తెలియనివాడు ఒక్కడూ లేడు. కానీ తెలిసిందని చెప్పాలంటే నిఘంటువులో లేని అర్థం చెప్పాలి, చెప్పినవాడు ఏరు దాటాలి. రేపు కొలువులో తీర్పు చెబుతానని మహారాజు లేచిపోయాడు.

కోనప్ప వంటశాలకు వెళ్ళేసరికి గవరమ్మ రెండు చీరలు మూట కట్టుకుంటోంది. అతను బుగ్గన ఉన్న తాంబూలం ఉమ్మేసి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నన్ను పంపించేస్తే పంపించెయ్యమను కోనప్పా. కువలయ పాప పురుడయ్యేదాకా ఆగమని నువ్వొక్క మాట అడుగు. నీళ్ళు పోసేసి నేనే పడవెక్కుతాను" అంది గవరమ్మ. అంటూనే మూట ముడి బిగించింది.

"నేను అడగను అక్కా. అడిగితే ఆయన ఒప్పుకోడు. నువ్వన్నది అబద్ధం కాదని ఆయన చేతే చెప్పిస్తాను. మూట విప్పెయ్యి" అన్నాడు కోనప్ప.

ఇక్కడ ఆ కొలువు ఆనవాయితీ ఒకటి చెప్పాలి. మహారాజు తీర్పు చెప్పడానికి కూర్చున్నప్పుడు సింహాసనం పక్కన గూట్లో ఒక దీపం వెలిగిస్తారు. అది వెలుగుతున్నంతసేపే తీర్పు చెల్లుతుంది. మధ్యలో దానికి ఏదైనా అయితే, అయిన సంగతి కొలువులో పైకి చెప్పి, మళ్ళీ వెలిగించి, అప్పుడు కానివ్వాలి. చెప్పకుండా వెలిగించకూడదు. ఆ రోజు ప్రమిదలో నూనె ఎందుకంత తక్కువ ఉందో దీపాలు వెలిగించే మనిషికీ కోనప్పకీ తెలియాలి.

మర్నాడు కొలువు నిండింది. గవరమ్మ ఒక పక్కన తలవంచుకుని నిలబడింది. తెరవెనక మహారాణి, ఆవిడ పక్కన కువలయ కూర్చున్నారు. మహారాజు తీర్పు చెప్పబోతుండగా కోనప్ప ముందుకొచ్చి దండం పెట్టాడు.

"ప్రభూ, ఈ యువిద పక్షమున నాలుగు పలుకులు విన్నవింప ననుజ్ఞ వేడుచున్నాను."

ఇన్నాళ్ళకు కోనప్ప నోరు విప్పినందుకు, అదీ గ్రంథభాషలో విప్పినందుకు మహారాజు పొంగిపోయాడు. కానిమ్మన్నాడు. కోనప్ప మొదలుపెట్టాడు. మహారాజు ముత్తాతగారి కీర్తి దగ్గర ఎత్తుకుని, తాతగారి ఖడ్గం మీదుగా, తండ్రిగారి దానగుణం దాకా ఒకే సమాసంలో లాక్కొచ్చాడు. అందులో గవరమ్మ ఊసే లేదు. మహారాజు కళ్ళు మూసుకుని వింటున్నాడు. శబ్దకేసరి సంధులు సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూసుకుంటున్నాడు. దీపం సంగతి ఎవరికీ పట్టలేదు. కోనప్ప సమాసమూ ప్రమిదలో నూనే ఒక్కసారే పూర్తయ్యాయి.

అప్పుడు ఏమైందో నేను మాత్రం నోటితో అనను. మీకు అర్థమైంది కదా.

కోనప్ప ఆగిపోయి గూటివైపు చూశాడు. మహారాజు కళ్ళు తెరిచాడు. కొలువంతా గూటివైపే చూస్తోంది.

"చెప్పుడు. చెప్పి వెలిగింపుడు" అన్నాడు మహారాజు కావలివాడితో. కావలివాడు నోరు తెరిచాడు, తెరవైపు చూశాడు, నోరు మూసేశాడు. మంత్రి ఉంగరం తిప్పుకుంటూ కూర్చున్నాడు. సేనాపతికి అప్పుడే దగ్గు వచ్చింది.

మహారాజుకు చిరాకేసింది. "శబ్దకేసరీ, మీరు పలుకుడు" అన్నాడు.

శబ్దకేసరి లేచాడు. ఆయనకు భయమెందుకు, నిఘంటువు నిండా మాటలే. గొంతెత్తి, "ప్రభూ, దీపము నిర్వాణము నొందినది" అన్నాడు.

తెరవెనక గాజులు గల్లుమన్నాయి. "శాస్త్రిగారూ, అవేం మాటలండీ? ఎదురుగా కడుపుతో ఉన్న పిల్లను పెట్టుకుని" అంది మహారాణి. శాసనం ఆవిడకు గుర్తే లేదు.

"నిర్వాణమనగా, అమ్మా..." అంటూ శబ్దకేసరి వివరించబోయాడు.

"నువ్వు కూర్చోవయ్యా" అన్నాడు మహారాజు, కూతురి వైపు కంగారుగా చూస్తూ. "అంతంత మాటలెందుకు? దీపం కొండెక్కింది, వెలిగించండి అంటే సరిపోదూ?"

కోనప్ప చటుక్కున భటుల వైపు తిరిగాడు. "విన్నారు కదా. దీపము కొండనెక్కినదని ప్రభువులే సెలవిచ్చారు. కోట వెనక ఉన్నది ఒక్కటే కొండ. వెళ్ళి దింపుకుని రండి."

భటులు ఆజ్ఞ అంటే ఆజ్ఞే అనుకునే మనుషులు. ఈటెలు భుజాన వేసుకుని బయల్దేరారు.

"ఇదేమి చోద్యము?" అన్నాడు మహారాజు.

"చోద్యమేముంది ప్రభూ. శబ్దకేసరిగారూ, కొండ అంటే?"

"పర్వతము."

"ఎక్కడమంటే?"

"ఆరోహణము" అన్నాడు శబ్దకేసరి. ఈసారి గొంతు కాస్త తగ్గింది.

"నిఘంటువు ప్రకారం దీపం ఇప్పుడు కొండ మీద ఉండాలి. ఉంటే గొడవే లేదు. లేకపోతే మాత్రం ప్రభువులు లేనిదాన్ని ఉందన్నట్టు. శాసనం ప్రభువులకూ వర్తిస్తుంది కదా. పడవ కట్టించమంటారా? వియ్యంకులవారు సంతోషిస్తారు."

ఏటి అవతల గట్టు, అక్కడ నవ్వుతూ నిలబడ్డ వీరమార్తాండుడు మహారాజు కళ్ళకు కట్టినట్టయింది.

కోనప్ప గొంతు తగ్గించాడు. "ఒక్క మాట అడుగుతాను, కోపగించుకోకండి. కొండెక్కలేదని మీకు తెలుసు. మరి ఎందుకలా అన్నారు?"

"ఎందుకేమిటయ్యా? నా కూతురు కడుపుతో ఉంది. దాని ఎదుట ఆ రెండో మాట నా నోటితో ఎట్లా అంటాను? తండ్రిని కానూ?" అన్నాడు మహారాజు.

"నేనూ అందుకే అనలేకపోయాను మహారాజా" అంది ఒక పక్క నుంచి గవరమ్మ. అప్పటిదాకా వంచిన తల ఎత్తింది. "పాప కడుపుతో ఉండగా ఆ ఇంట్లో బియ్యం గురించి ఆ రెండో మాట నా నోటికెట్లా వస్తుంది?"

మహారాజు ఆవిడ వైపు చూశాడు. బియ్యం నిండుకున్నాయన్న మాట చిన్నప్పుడు తన తల్లి నోట విన్నాడు, పెళ్ళయ్యాక మహారాణి నోట కూడా విన్నాడు. నిన్న మాత్రం దానికి అర్థం కోసం ఇద్దరు బోయీలు మోసుకొచ్చిన పుస్తకంలో వెతికించాడు. సిగ్గుపడ్డాడు. నిజంగానే సిగ్గుపడ్డాడు.

సరిగ్గా అప్పుడే భటులు రొప్పుతూ తిరిగొచ్చారు. ముందున్నవాడు వంగి దండం పెట్టి, "ప్రభూ, కొండ నలువైపుల వెదకితిమి. దీపము కానరాలేదు. ఒక మేక కానవచ్చినది" అన్నాడు.

మహారాజు పెదవులు బిగబట్టాడు గానీ ఆగలేదు. సింహాసనం చేతులు పట్టుకుని పొట్ట ఊగేలా నవ్వాడు. తెరవెనక కువలయ నవ్వింది. ఇన్నాళ్ళూ సైగలతో బతికినవాళ్ళంతా గట్టిగా నవ్వారు. ఆ గోలలోనే ఎవరో వచ్చి దీపం వెలిగించారు.

"శాసనం రద్దు. గవరమ్మ ఎక్కడికీ వెళ్ళదు" అన్నాడు మహారాజు కళ్ళు తుడుచుకుంటూ. భుజాన ఉన్న పట్టుశాలువా తీసి కోనప్పకు కప్పాడు. "ఇది కాదు, నీకేం కావాలో అడుగు. అర్ధరాజ్యం తప్ప."

"అర్థమంతా శబ్దకేసరిగారి దగ్గరే ఉంది, అది నాకెందుకు మహారాజా. తోటలో మూలన పడేసిన చిలకను మళ్ళీ గుమ్మంలో పెట్టించండి. పలకరించే దిక్కులేక చిక్కిపోయింది" అన్నాడు కోనప్ప.

శబ్దకేసరి మాత్రం ఉద్యోగం మానుకుని వెళ్ళలేదు. మొండితనం ఉన్నా నిజాయతీ కూడా ఉన్న మనిషి. తాటాకులు, గంటం పట్టుకుని రోజూ వంటశాల గడప బయట కూర్చునేవాడు. గవరమ్మ కూరలు తరుగుతూ చెబుతుంటే రాసుకునేవాడు. ఆ నిఘంటువులో కొత్తగా చేరిన మాట ఇలా ఉంటుంది: "నిండుకొను: పూర్తిగా ఉండుట, లేక, బొత్తిగా లేకుండుట. ఏదియైనది వంటయింట విచారింపవలెను."

కువలయకు ఆడపిల్ల పుట్టింది. నీళ్ళు పోసింది గవరమ్మే. బారసాలకు వీరమార్తాండుడికి మళ్ళీ పిలుపు వెళ్ళింది. ముందురోజు పొద్దున్నే మహారాజు తనే వంటశాల కొట్టు దగ్గరకు వచ్చాడు.

"గవరమ్మా, బియ్యం సంగతేమిటి?"

"నిండుగా ఉన్నాయి మహారాజా."

మహారాజు గడపలోనే ఆగిపోయాడు. "నిండుగానా, నిండుకునా? సరిగ్గా చెప్పు" అన్నాడు.

ఒళ్ళో నిద్రపోతున్న పసిదాన్ని భుజాన వేసుకుని గవరమ్మ పక్కకు జరిగింది. "మాటలెందుకు. చెయ్యి పెట్టి చూసుకోండి" అంది.

మహారాజు పాదుకలు విడిచి లోపలికి వెళ్ళాడు. గాదె మీదకు వంగి మోచేతిదాకా బియ్యంలో చెయ్యి పెట్టాడు. చెయ్యి అడుక్కి అందలేదు. అలాగే కాసేపు ఉంచి, నవ్వుకుంటూ బయటకు వచ్చాడు. చెయ్యి నిండా తెల్లటి బియ్యప్పిండి.

గుమ్మంలో చిలక ఆయన్ని ఎగాదిగా చూసి, "ఎవరొచ్చారు?" అంది.

"నేనేనే" అన్నాడు మహారాజు.